ఒంటికి పట్టే తిండి

భాగ్యరేఖ భిలాయికి దగ్గర్లోని చరోదా రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది. తండ్రి గూడ్సు బండి గార్డు. పక్క క్వార్టర్లో ఉండే ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ దగ్గర ఆమె చిన్నప్పుడే స్కోన్లు చెయ్యడం నేర్చుకుంది. స్కోను బన్నూ కాదు, బిస్కట్టూ కాదు. పైన కాస్త కరకరలాడుతుంది, లోపల మెత్తగా విడిపోతుంది. వేడిగా ఉండగానే రెండుగా విప్పి వెన్న రాసుకుని టీతో తింటారు. పెళ్ళయి భిలాయి వచ్చాక ఆ విద్య మూలపడింది.

కూతురు కృష్ణప్రియ మూలంగా అది మళ్ళీ బయటికొచ్చింది. మూడో ఏట ఆ పిల్ల చిక్కి సగమైంది. కాళ్ళు పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం కుండలా ఉబ్బింది. ఎక్కడెక్కడో తిప్పాక రాయ్‌పూర్‌లో ఒక డాక్టరు పరీక్షలు చేయించి, ఈ పిల్ల పేగులకు గోధుమ పడదు, బతికినన్నాళ్ళూ గోధుమ నలుసు కూడా తగలనివ్వొద్దు అన్నాడు. గోధుమ మానిపించిన కొన్నాళ్ళకే పిల్ల తేరుకుంది. కానీ బడిలో ఎవరి పుట్టినరోజైనా అందరూ కేకు తింటుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అది చూడలేక భాగ్యరేఖ బియ్యప్పిండీ జొన్నపిండీ కలిపి, విరిగిపోకుండా చెంచాడు ఇసబ్‌గోల్ వేసి స్కోన్లు చేసింది. మొదటివి రాళ్ళలా వచ్చాయి. తర్వాతవి ఇసకలా రాలాయి. చివరికి కుదిరాయి.

ఆ సంగతి తెలిసి ఒకరొకరే డబ్బులిచ్చి చేయించుకోవడం మొదలుపెట్టారు. గుడ్డు తగలకూడదన్న జైనుల ఇల్లు ఒకటి. పాలు తాగితే ఒళ్ళంతా దద్దుర్లు లేచే పిల్లాడికి కొబ్బరిపాలతో కావాలన్న తల్లి ఒకామె. చక్కెర జబ్బున్న పెద్దవాళ్ళయితే చాలామందే. ఒకరి తిండి ఇంకొకరికి విషమని భాగ్యరేఖ తన ఇంట్లోనే చూసింది కాబట్టి ఆ విషయంలో ఎక్కడా రాజీపడేది కాదు. పొద్దున్నే వంటగట్టు కడిగి ముందు గోధుమ లేనివి కాల్చి, చల్లార్చి, డబ్బాలో పెట్టి మూత వేశాకే గోధుమపిండి సంచి విప్పేది. ట్రేలు వేరు, చాకులు వేరు, తుడిచే గుడ్డ కూడా వేరు.

కృష్ణప్రియ ఒకటో తరగతిలో ఉండగా, దీపావళి తర్వాత భర్త సతీష్‌కుమార్‌కి సెక్టర్ 2లో కాస్త పెద్ద క్వార్టరు వచ్చింది. అతను భిలాయి స్టీలు ప్లాంటులో, రోలింగ్ మిల్లులో చేస్తాడు. వంటగది పెద్దది, వెనక తలుపు తీస్తే జామచెట్టూ కాస్త ఎండా. ఇంతకంటే ఏం కావాలనుకుంది భాగ్యరేఖ.

డిసెంబరులో చరోదా నుంచి క్రిస్మస్ ఆర్డర్లు మొదలయ్యాయి. అప్పుడే ట్రేల్లో లెక్క తప్పడం గమనించింది. భర్త డ్యూటీకి, పిల్ల బడికి వెళ్ళిపోయి ఇంట్లో తనొక్కతే ఉన్నప్పుడు, మధ్యాహ్నం పూట, బియ్యప్పిండి స్కోన్లలో ఒకటి ఉండేది కాదు. ఎలుక అనుకుందామంటే పొడి రాలలేదు, పక్కవాటి మీద గోటి గీత లేదు. ఉన్నది ఉన్నట్టు ఎవరో చేత్తో తీసుకున్నట్టే ఖాళీ చోటు గుండ్రంగా కనబడేది.

ఒకరోజు పిల్ల బడికి వెళ్ళిన కాసేపటికి ఊడుస్తుంటే వంటింటి తలుపు వెనక గోధుమ స్కోను ఒకటి దొరికింది. కొరికి, నమిలి, ఉమ్మేసిన ముద్ద దాని పక్కనే తడిగా ఉంది. భాగ్యరేఖ చీపురు వదిలేసి దాన్ని చేతిలోకి తీసుకుంది. కొరికిన గాటు చిన్నపిల్లలది. కూతురు దొంగచాటుగా గోధుమ తిందనుకుని బడికి పరిగెత్తి ఇంటికి తీసుకొచ్చింది. ఏమీ అడగకుండా పిల్ల నోరు తెరిచి చూసింది.

కృష్ణప్రియకు ముందు పళ్ళు ఊడి కొత్తవి ఇంకా రాలేదు. స్కోను మీది గాటులో ముందు పళ్ళు రెండూ నిండుగా, పక్కపక్కనే పడి ఉన్నాయి.

ఆ సాయంత్రమంతా పిల్లకు కడుపునొప్పి వస్తుందేమోనని కనిపెట్టుకుని కూర్చుంది. రాలేదు. పడుకునేముందు పిల్లే చెప్పింది.

"మమ్మీ, నేను తినలేదు. దీదీ తింటుంది. తనకి భూఖ్, చాలా ఆకలి వేస్తుంది. గోధుమది అయితే థూ అనేస్తుంది."

దీదీ ఎవరని అడిగితే తలుపు వెనక కూర్చునే అమ్మాయి అంది. పిల్ల గొంతులో భయం లేదు. బడిలో పక్క బెంచీ అమ్మాయి గురించి చెప్పినట్టే చెప్పింది. మర్నాడు భాగ్యరేఖ ఆ తలుపు వెనక చెయ్యి పెట్టి చూసింది. చలికి గచ్చంతా మంచులా ఉంది. తలుపు మూల ఒక్క చోట మాత్రం, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు, నేల వెచ్చగా ఉంది.

సతీష్‌కుమార్‌కి చెబితే నవ్వలేదు గాని నమ్మనూ లేదు. కావాలంటే క్వార్టరు మార్పుకి దరఖాస్తు పెడతానన్నాడు. భాగ్యరేఖ పక్కింటి గౌరీదేవి దగ్గరికి వెళ్ళింది. కొడుకుతోపాటు చాలా ఏళ్ళుగా అదే వరసలో ఉంటున్న పెద్దావిడ ఆమె. ఆవిడ అంతా విన్నది. పూర్వం ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ గురించి నీకెవరూ చెప్పలేదా అని అడిగి, తనే చెప్పింది.

పాతికేళ్ళ పైమాట. బలరాం అని తమ విజయనగరం వైపు మనిషే, ప్లాంటులో బొగ్గు కాల్చే కోకోవెన్‌లో పనిచేసేవాడు. భార్య తులసమ్మ. లేక లేక పుట్టిన ఒక్కతే ఆడపిల్ల, పైడితల్లి. బలరాం అక్క అప్పలనర్సమ్మ, భర్త పోతే వీళ్ళ దగ్గరే ఉండేది. పిల్లకు నాలుగైదేళ్ళు వచ్చేసరికి చిక్కిపోవడం మొదలైంది. ఏం తిన్నా నిలిచేది కాదు. ఎప్పుడూ ఆకలి ఆకలనేది. అన్నంలో బలం లేదు, పంజాబీ వాళ్ళ పిల్లల్ని చూడు ఎంత పుష్టిగా ఉన్నారో, రొట్టె పెట్టు, గోధుమ దలియా పెట్టు అని నలుగురూ అన్నారు. తులసమ్మ మూడు పూటలా నెయ్యి వేసి రొట్టెలు పాలల్లో నలిపి, పక్కన కూర్చుని తినిపించేది. పిల్ల ఇంకా ఎండిపోయింది. తల్లి చేతి తిండి కక్కేసేది గాని, మేనత్త ఎప్పుడైనా వెనక గుమ్మంలో కూర్చోబెట్టుకుని గంజి పోస్తే గుక్క తిప్పుకోకుండా తాగేది.

"అదే కొంప ముంచినాది," అంది గౌరీదేవి. "తల్లి సేతిది పడదు, అత్త సేతిదే పడతాదంటే అది సిల్లంగి, సేతబడి కాక ఏటన్నారు. ఆవిణ్ణి జుట్టట్టుకుని ఈదిలోకి ఈడ్సినారు. అప్పలనర్సమ్మ ఎల్లిపోనాక గుంట ఎన్నాళ్ళో ఉండలేదు."

భాగ్యరేఖ ఇంటికొచ్చి పొయ్యి ముట్టించకుండా చాలాసేపు కూర్చుంది. పుల్లల్లాంటి కాళ్ళు, కుండలాంటి పొట్ట, తీరని ఆకలి. ఆ పిల్లకు ఏ జబ్బు చేసిందో ఆమెకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. చేతబడి చేసిందని తరిమేసిన మనిషి పోసిన గంజే ఆ పిల్లని నిలబెట్టింది. కన్నతల్లి ప్రేమగా పెట్టిన రొట్టె ప్రాణం తీసింది. ఈ మాట ప్రపంచంలో తనొక్కదానికే తెలుసన్న సంగతి ఆమెకు బరువుగా తోచింది.

బలరాం చనిపోయాక తులసమ్మ భిలాయిలోనే ఖుర్సీపార్‌లో ఒక టైలరు దుకాణం వెనక గదిలో ఉంటోందని గౌరీదేవే చెప్పింది. భాగ్యరేఖ బియ్యప్పిండి స్కోన్లు డబ్బాలో పెట్టుకుని వెళ్ళింది. తులసమ్మ పల్చగా, వంగకుండా నడిచే మనిషి. సెక్టర్ 2లో ఫలానా క్వార్టరు అనగానే చేస్తున్న పని ఆపింది.

"ఆ ఇల్లు నీకిచ్చినారా తల్లీ," అంది. కొంచెం ఆగి, "అది ఇంకా ఆకలి ఆకలి అంతందా?" అని అడిగింది.

ఆమెకు తెలుసు. ఆ ఏడుపు వినలేకే ఆ ఇల్లు వదిలేసి వచ్చామని చెప్పింది. భర్త పోయేదాకా ఆ మాట ఇద్దరూ ఒకరితో ఒకరు అనుకోలేదట. వదిన పెట్టిన చిల్లంగి చచ్చినా వదల్లేదని, దిక్కులేనట్టు పిల్ల అక్కడే తిరుగుతోందని, తను పెట్టినదేదీ దాని ఒంట్లో నిలవలేదని చెప్పుకుపోతోంది. భాగ్యరేఖ చెప్పాలని వచ్చిన మాటను తనలోనే దాచుకుంది. ఎదురుగా ఉన్న మనిషికి ఆ పగ తప్ప ఇంకే ఆధారం లేదనిపించింది. అది లాగేస్తే ఏం మిగులుతుంది? డబ్బా అక్కడ పెట్టి, మళ్ళీ వస్తానని లేచింది.

ఆ తర్వాత ఇంట్లో స్కోన్లు పోవడం ఆగింది. అది మరీ కష్టంగా ఉంది. బియ్యప్పిండివి ట్రేలో అన్నీ ఉండేవి. కానీ పిండి కలుపుతున్నంతసేపూ వీపు వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు, తనవైపు కాక వీధి తలుపు వైపు చూస్తున్నట్టు తెలిసేది. కృష్ణప్రియ ఆడుకోవడం మానేసింది. దీదీ మాట్లాడటం లేదు, ఎవరో వస్తారని చూస్తోంది అని చెప్పింది.

వచ్చింది తులసమ్మే. ఒక మధ్యాహ్నం ఉతికిన చీర కట్టుకుని, చేతిలో టిఫిన్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే వచ్చి, దారి అడగకుండా నేరుగా వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. టిఫిన్ మూత తీసింది. నెయ్యి వాసన గదంతా పరుచుకుంది. పాలల్లో నలిపిన రొట్టె.

"పైడీ, అమ్మని. ఇంద, రెండు ముద్దలు తిను," అంటూ ఒక ముద్ద చేసి తలుపు మూలకు చాచింది.

తలుపు, చూస్తుండగానే, గోడకేసి నెమ్మదిగా జరిగింది. వెనక ఉన్నవాళ్ళు ఒదిగి ఒదిగి గోడలోకి దూరిపోతున్నట్టు. భాగ్యరేఖకు ఇక ఆగడం సాధ్యం కాలేదు. వెళ్ళి తులసమ్మ మణికట్టు పట్టుకుంది.

"పిన్నీ, రొట్టె పెట్టకు. దానికి గోధుమ పడదు."

తులసమ్మ అర్థం కానట్టు చూసింది. భాగ్యరేఖ పక్కన చతికిలబడి అంతా చెప్పింది. తన కూతురి జబ్బు, డాక్టరు మాటలు, మానేశాక పిల్ల లేచి తిరగడం. పైడికి పరీక్షలు చెయ్యలేదు కనుక ఇదేనని ఒట్టేసి చెప్పలేనని కూడా అంది. చివరికి ఫోనులో కృష్ణప్రియ మూడేళ్ళప్పటి ఫొటో తీసి చూపించింది. తులసమ్మ ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆ పొట్ట మీద, కాళ్ళ మీద వేలు ఆనించింది.

"ఇది మా పైడే," అంది.

ఫోను తిరిగి ఇచ్చేసి అడిగింది. "మరి మా వదిన పోసిన గంజి?"

"బియ్యం గంజి కదా పిన్నీ. అది పడుతుంది."

"గంజి తాగిన్నాడు పిల్ల నిద్రోయీది. నాను సూసినాను. సూసి కూడా, నా సేతిది కక్కి దాని సేతిది తాగతందని కడుపు మండినాది నాకు." తులసమ్మ ఏడవలేదు. చేతిలో ముద్దను టిఫిన్‌లో పెట్టి, మూత బిగించి, ఆ చేతిని కొంగుతో తుడుస్తూనే ఉండిపోయింది. తుడవడం అయిపోయినా ఆపలేదు. లేచేటప్పుడు, అప్పలనర్సమ్మ చరోదాలో ఉందని విన్నాను, నాతో వస్తావా అని అడిగింది.

చరోదాలో అప్పలనర్సమ్మ ఒక చర్చి ఊడుస్తూ, వెనక గదిలో ఉంటోంది. వీధిలోకి ఈడ్చాక తమ్ముడింటికీ ఊరికీ కానిదైతే, అక్కడివాళ్ళు ఏమీ అడగకుండా చోటిచ్చారు. కానీ సెక్టర్ 2 నుంచి మాట పాకి అక్కడికీ వచ్చిందట. తల్లులు తనని చూసి పిల్లల్ని చాటుకు లాక్కుంటుంటే, ఆమె ఏ పిల్లనీ ముట్టుకోవడం మానేసింది. భాగ్యరేఖ చిన్నతనంలో కాలనీలో విన్న 'గంజి ముసలమ్మ' ఈమే అని అప్పుడు తెలిసింది. ఆ పేరు చెప్పి తన తల్లి కూడా తనని భయపెట్టి నిద్రపుచ్చేది.

వాళ్ళు వెళ్ళేసరికి ఆడవాళ్ళు నలుగురైదుగురు పండక్కి రంగుకాగితాలు కడుతున్నారు. తులసమ్మ గుమ్మం ముందే నిలబడిపోయింది. అప్పలనర్సమ్మ చీపురు పట్టుకుని వచ్చి చూసింది. ఇద్దరూ ముసలివాళ్ళయిపోయారు.

"ఈవిడ నా పిల్లని సంపలేదు," అంది తులసమ్మ, అందరికీ వినబడేలా. "సిల్లంగి లేదు, ఏటీ లేదు. సంపింది నా రొట్టె. ఈవిడ గంజి పోసి బతికించింది. ఈదిలో అన్న మాట ఈదిలోనే సెప్పాలని వచ్చినాను."

కాగితాలు కడుతున్న చేతులు ఆగిపోయాయి. అప్పలనర్సమ్మ చీపురు గోడకు ఆనించి, వాళ్ళని గదిలోకి తీసుకుపోయింది. భాగ్యరేఖ జబ్బు సంగతి వివరిస్తే శ్రద్ధగా విన్నది. తనకు అదేమీ తెలియదని, ఊళ్ళో ఒంట్లో బాగోని పిల్లకి గంజి పొయ్యడం ఒక్కటే తెలుసని, అందుకే పోశానని చెప్పింది. తులసమ్మ కాళ్ళ మీద పడబోతే పక్కకి జరిగింది.

"నిన్ను సమించినానని నాను అననేను తులసీ. అబద్దమవుతాది. ఇన్నేళ్ళలో నీ పేరు తలవని రోజు లేదు, మంచికి తలవలేదు." తర్వాత భాగ్యరేఖ వైపు తిరిగింది. "గుంట ఇంకా ఆకలితో ఉందా అమ్మా? దాని కోసం వస్తాను."

మర్నాడు పొద్దున ఇద్దరూ వేరువేరుగా సెక్టర్ 2కి వచ్చారు. తులసమ్మ వంటింట్లో అడుగుపెట్టనని వెనక గుమ్మం బయట, ఎండలో కూర్చుంది. భాగ్యరేఖ గట్టు కడిగి బియ్యప్పిండీ జొన్నపిండీ పళ్ళెంలో పోసింది. చల్లటి వెన్న ముక్కల్ని పిండిలో వేళ్ళ కొసలతో నలపాలి, అరచేతి వేడి తగలకూడదు అని చెబితే అప్పలనర్సమ్మ తను చేస్తానంది. ఆ ముసలి వేళ్ళ కింద పిండి రవ్వరవ్వగా చక్కగా వచ్చింది. మజ్జిగతో తడిపి, మందంగా ఒత్తి, గ్లాసుతో గుండ్రంగా కోసి ఓవెన్‌లో పెట్టారు. కాలుతున్నంతసేపూ ఆ ఇంట్లో ముగ్గురే ఉన్నట్టు లేదు. ఓవెను గాజు మీద లోపలి వైపు కాక బయటి వైపు, పిల్ల ఎత్తులో, ఊపిరి ఆవిరి పట్టి మాయమవుతూ మళ్ళీ పట్టడం భాగ్యరేఖ చూసింది.

వేడి తగ్గాక అప్పలనర్సమ్మ ఒకటి ఆకులో పెట్టి తలుపు మూల ఉంచింది. "పైడీ, అత్తని. తిను తల్లీ," అంది. పెద్దలకు పెట్టినప్పుడు చేసినట్టే వెనక తలుపు దగ్గరగా వేసి ఆమె, భాగ్యరేఖ బయటికొచ్చి జామచెట్టు కింద నిలబడ్డారు. లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు.

తీసి చూస్తే ఆకులో సగమే ఉంది. ఆ ఆకు పెట్టిన చోటా లేదు. గదికి అడ్డంగా జరిగి వెనక గుమ్మం దగ్గరికి, తులసమ్మ కూర్చున్న వైపుకి వచ్చి ఉంది. అప్పలనర్సమ్మ దాన్ని చూసి ముఖం తిప్పుకుంది. "అమ్మకి దాసింది," అంది. అంతకుమించి ఏమీ అనకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. తులసమ్మ ఆ సగాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, చిన్న చిన్న తునకలుగా, అయిపోయేదాకా తింది.

ఆ రోజు నుంచి భాగ్యరేఖ ఇంట్లో ఏదీ పోలేదు. కృష్ణప్రియ బడి నుంచి వచ్చి ఇల్లంతా తిరిగి చూసి, దీదీ చలీ గయీ, వెళ్ళిపోయింది అని కాసేపు ఏడ్చింది. అప్పలనర్సమ్మ మళ్ళీ సెక్టర్ 2కి గాని ఖుర్సీపార్‌కి గాని రాలేదు. చర్చిలో క్రిస్మస్ నాడు చిన్నపిల్లలకి గంజి ముసలమ్మ చేత మిఠాయిలు పంచిపెట్టించారని మాత్రం చరోదా వాళ్ళు చెప్పారు.

సంక్రాంతి దాటాక తులసమ్మ కబురు పెట్టింది. భాగ్యరేఖ వెళ్ళేసరికి గదిలో గోధుమపిండి డబ్బా లేదు. పీట, అప్పడాల కర్ర కూడా లేవు. ఓవెను లేకపోయినా మందపాటి గిన్నెలో ఇసక పోసి వేడిచేసి అందులో స్కోన్లు కాల్చాలని చూస్తోంది. అవి చెక్కల్లా వచ్చాయి. రొట్టెల పిండిలా అరచేత్తో మర్దించేస్తోందని భాగ్యరేఖకు చూడగానే తెలిసింది.

"నాతోనే వచ్చీసింది," అంది తులసమ్మ. "ఆ రోజే, ఆటోలో. ఇప్పుడు ఏడవదు. పెట్టింది తింటాది. తిని, నన్నే సూత్తా కూకుంటాది. నాను నిద్రోయినా సూత్తాదనుకుంటాను."

భయం వెయ్యడం లేదా అని భాగ్యరేఖ అడిగింది.

"ఎయ్యకేం. ఏసినా అదెక్కడికి ఎల్తాది, నానెక్కడికి ఎల్తాను." తులసమ్మ పిండి పళ్ళెం ముందుకు జరిపింది. "ఎలా నలపాలో సూపించు."

భాగ్యరేఖ చూపించింది. వేళ్ళ కొసలతోనే, తేలిగ్గా, పిసకకుండా. ముసలామె చెయ్యి మాటిమాటికీ పాత అలవాటు కొద్దీ ముద్ద చెయ్యబోతుంటే ఆపింది. ఈసారి అవి గిన్నెలో పొంగి, పైన చిన్నగా పగిలాయి. ఒకటి పళ్ళెంలో పెట్టి గది మధ్య ఉంచి, తలుపు దగ్గరగా లాగి, ఇద్దరూ బయట మెట్ల మీద కూర్చున్నారు. టైలరు మిషను చప్పుడు వినిపిస్తోంది. వీధిలో ఎవరో కూరగాయలు బేరమాడుతున్నారు. తులసమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పిండి అంటిన వేళ్ళని చూసుకుంటూ, తలుపు వైపు తిరగకుండా కూర్చుంది. ఎండ రెండో మెట్టు మీదికి వచ్చాక మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"పద, లోపలికి ఎల్దాం," అంది. "తినీసుంటాది."